కొండ ఊళ్ల ప్రణాళికకు జీఐఎస్: కిలోమీటర్లు పక్కన పెట్టి నడక గంటలతో మొదలుపెట్టండి

ప్రశ్న: పాడేరు ఏజెన్సీలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఈమధ్యే చేరాను. రెండు పంచాయతీల్లో చెల్లాచెదురుగా ఉన్న 14 గూడేలకు నీళ్లు, దారి, కాఫీ, భూమి అన్నీ కలిపి ఐదేళ్ల ప్రణాళిక వేయమన్నారు. క్యూజీఐఎస్ (మ్యాపులు చేసే ఉచిత జీఐఎస్ సాఫ్ట్‌వేర్) కొంచెం వచ్చు. ఏ డేటా తెచ్చుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

మీరు "14 గూడేలు" అని రాశారు చూడండి, అది మంచి మొదలు. చాలామంది "రెండు గ్రామాలు" అని రాసి, జనగణన గ్రామాల లేయరు (మ్యాపు మీద ఒక్కో విషయాన్ని చూపే పొర) తెరిచి పని మొదలుపెడతారు. మైదానంలో అది కొంతవరకు నడుస్తుంది. ఏజెన్సీలో ఒక రెవెన్యూ గ్రామం కింద కొండకొకటి, గెడ్డకొకటిగా (గెడ్డంటే కొండవాగు) నాలుగైదు గూడేలు ఉంటాయి. జనగణన వాళ్లకు అదంతా ఒకటే గ్రామం. ఆ గ్రామం సరిహద్దు మధ్యలో సాఫ్ట్‌వేర్ ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్క మీదికి మీరు నడుచుకుంటూ వెళ్తే మనిషి జాడ లేని కొండ నెత్తి మీద తేలొచ్చు. నేను తేలాను.

పదిహేనేళ్లుగా తూర్పు కనుమల్లో ఇదే పని చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ పాఠాలు నెట్‌లో బోలెడున్నాయి కాబట్టి ఇక్కడ చేతులు కాల్చుకున్న సంగతులే చెబుతాను.

ముందు గూడేల లేయరు మీరే తయారు చేసుకోండి. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్‌లో ఇళ్ల కప్పుల హద్దులు ఉచితంగా దొరుకుతాయి. అవి గుంపులుగా ఎక్కడున్నాయో చూస్తే గూడెం ఎక్కడుందో తెలుస్తుంది. చెట్ల కింద ఉన్న పాకల్ని అది పట్టుకోలేదు, కాఫీ డ్రమ్ముల షెడ్డును ఇల్లనుకుంటుంది, అది వేరే సంగతి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన (ఊళ్లకు రోడ్లు వేసే కేంద్ర పథకం) వాళ్లు 2022లో రోడ్లు, జనావాసాల డేటాను అందరికీ తెరిచారు. దాన్ని కూడా పక్కన వేసుకోండి. ఒక్క జాగ్రత్త: ఆ పథకం లెక్కలో మైదానంలో 500 మీటర్ల దారి లోపలున్న ఇళ్లన్నీ కలిపి ఒక జనావాసం, కొండ ప్రాంతంలో అయితే కిలోమీటరున్నర లోపలున్నవన్నీ కలిపి ఒకటి. మీ 14 అందులో 9గా కనిపిస్తే కంగారు పడొద్దు. షెడ్యూల్డ్ ప్రాంతంలో రోడ్డుకు అర్హత 250 జనాభా కాబట్టి, ఆ కలపడం వల్ల చిన్న గూడేలకు మేలే జరగొచ్చు. కలిపి చూపాలా, విడిగా చూపాలా అన్నది మీకు తెలిసుండాలి, అంతే. పేర్లు ఒక్కో రికార్డులో ఒక్కోలా ఉంటాయి. ఊరి పేరు చివర ఒకచోట "వలస", ఇంకోచోట "పుట్టు", మరోచోట ఆ పేరే ఉండదు. అందుకని ప్రతి గూడేనికి మీ సొంత నంబరు ఒకటి ఇచ్చేసుకోండి. తర్వాత వచ్చే ప్రతి పట్టికా దాంతోనే కలుస్తుంది.

ఇక అసలు విషయం. కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి.

ఆరోగ్య ఉపకేంద్రం చుట్టూ 5 కిలోమీటర్ల గుండ్రం గీసి, లోపలున్నవన్నీ "సౌకర్యం ఉన్న గ్రామాలు" అని రంగు వేసిన మ్యాపులు ఎన్నో చూశాను. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి అన్నది ప్రమాణం. పీహెచ్‌సీకి అయితే 30,000, 20,000. ఉద్దేశం మంచిదే, కానీ అది తలల లెక్క. నడక ఎంతసేపో అందులో లేదు. రోగిని డోలీలో మోసేవాళ్లకు కావాల్సింది ఆ రెండోదే.

వాల్డో టాబ్లర్ అనే భౌగోళిక శాస్త్రవేత్త 1993లో ఇచ్చిన సూత్రం ఒకటుంది. వాలును బట్టి మనిషి నడక వేగం చెబుతుంది. చదును నేల మీద గంటకు 5 కిలోమీటర్లు. 20 శాతం ఎక్కుడులో అది రెండున్నరకు పడిపోతుంది. 30 శాతంలో రెండు కూడా ఉండదు. దిగుడులో కూడా ఏమంత పరుగు ఉండదు, 20 శాతం దిగుడులో మూడున్నరే. అంటే 3 కిలోమీటర్ల కాలిబాట 20 శాతం వాలులో ఉంటే దిగడానికి 50 నిమిషాలు, ఎక్కడానికి గంటా 12 నిమిషాలు. బాట లేకుండా తుప్పల్లో పడి వెళ్తే ఆ వేగంలో అరవై శాతమే లెక్కేసుకోమంటాడు ఆయన. క్యూజీఐఎస్‌తో పాటు వచ్చే గ్రాస్ పరికరాల్లో "ఆర్.వాక్" అనేది ఉంది. సూత్రం టాబ్లర్‌ది కాదు గానీ అదే కోవలోది, ఎక్కుడు, దిగుడు విడివిడిగా లెక్కిస్తుంది. మామూలు వాలు లేయరు మీద కాస్ట్ డిస్టెన్స్ (దారి కష్టాన్ని బట్టి దూరం కొలిచే లెక్క) చేస్తే ఈ తేడా రాదు.

ఆ సూత్రాన్ని అలాగే వాడేయకండి. అది చేతులూపుకుంటూ నడిచే మనిషి లెక్క. మీరు ఫోన్‌లో ట్రాక్ రికార్డు చేసుకుంటూ, సంతకు వెళ్లే వాళ్లతో పాటు రెండు మూడు దారులు నడవండి. నెత్తిన బస్తా ఉన్నవాళ్లతో ఒకసారి, చంకలో బిడ్డ ఉన్న తల్లితో ఒకసారి. మీ లెక్కకూ వాళ్ల సమయానికీ తేడా ఎంతో చూసి దాంతో సూత్రాన్ని సరిచేసుకోండి. రెండు రోజుల పని. దీనివల్ల వచ్చే నమ్మకం ఏ రిపోర్టూ ఇవ్వదు.

రెండు మ్యాపులు చేయాలి: వేసవిది ఒకటి, వానాకాలానిది ఒకటి. జులై నుంచి అక్టోబరు దాకా గెడ్డ పొంగితే అవతలి గూడెం లంక అయిపోతుంది. వానాకాలం మ్యాపులో వంతెన లేని పెద్ద గెడ్డల్ని గోడల్లా పెట్టేయండి. రెండు మ్యాపుల్నీ పక్కపక్కన పెడితే ఎక్కడ చిన్న కల్వర్టు కడితే ఎన్ని గూడేలకు ఎన్ని గంటలు కలిసొస్తాయో కళ్లకు కడుతుంది. నా అనుభవంలో అధికారులు వెంటనే స్పందించేది ఈ ఒక్క మ్యాపుకే. మిగతావన్నీ చూసి "బాగుందండీ" అంటారు.

రోడ్డు విషయంలో గూడెం వాళ్ల ఆశకూ ఇంజనీరు లెక్కకూ మధ్య పెద్ద అగాధం ఉంటుంది, దాన్ని మీరు ముందే చెప్పగలగాలి. కొండ రోడ్లకు మామూలుగా పాటించే వాలు 5 శాతం, తప్పనిసరైతే ఆరు, ఏడు. పైన చెప్పిన 3 కిలోమీటర్ల బాట 600 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. 5 శాతంతో వేస్తే అదే ఎత్తుకు 12 కిలోమీటర్ల రోడ్డు కావాలి. "మూడు కిలోమీటర్ల రోడ్డు వేయలేరా" అని జనం అడిగినప్పుడు ఈ లెక్క చూపించండి. తర్వాత అడవి హద్దు. అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డు, బడి, నీటి పైపు లాంటి 13 రకాల సౌకర్యాలకు ఒక్కో కేసులో హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. నరికే చెట్లు హెక్టారుకు 75 దాటకూడదు. 6 మీటర్ల వెడల్పు రోడ్డు వేస్తే హెక్టారు అంటే దాదాపు 1.67 కిలోమీటర్లు. కాబట్టి మీ రోడ్డు గీతను అటవీ సరిహద్దు మీద వేసి, లోపల ఎంత పొడవు పడుతుందో ముందే కొలవండి. గీతను వంద మీటర్లు పక్కకు జరిపితే సమస్య తీరిపోయిన సందర్భాలున్నాయి.

డేటా సంగతికి వస్తాను. ఎత్తుల డేటా, అంటే డెమ్, ఉచితంగా దొరికేవాటిలో మూడు చెబుతాను: 2000 ఫిబ్రవరిలో నాసా షటిల్ 11 రోజుల్లో తీసిన ఎస్ఆర్‌టీఎం, మన కార్టోశాట్-1 చిత్రాలతో చేసిన కార్టోడెమ్ (హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల భువన్‌లో ఉంది), యూరప్ వాళ్ల కోపర్నికస్. మూడూ 30 మీటర్ల గడులే, అంటే 30 మీటర్ల చదరానికి ఒక ఎత్తు ఇస్తాయి. నేను కోపర్నికస్‌తో మొదలుపెట్టి మిగతా రెండింటితో సరిచూస్తాను. ఇవేవీ పూర్తిగా నేల ఎత్తులు కావు. చెట్ల నెత్తి కూడా అందులో కలుస్తుంది. మన కాఫీ తోటల్లో నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్ల వరుసలుంటాయి కదా, డెమ్‌లో అవి బుడిపెల్లా కనిపిస్తాయి. తోట అంచున లేని గట్టు ఒకటి పుడుతుంది, దాన్ని బట్టి గెడ్డ లేని చోట గెడ్డ గీస్తుంది సాఫ్ట్‌వేర్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి అరకు వైపు సిల్వర్ ఓక్ చెట్లను కూల్చేసింది. అలా కూలిన చోట్ల 2000 నాటి డెమ్‌కూ తర్వాతి డెమ్‌కూ తేడా వస్తే కొండ తరిగిందనుకోకండి.

ఇంకో రెండు చిన్న గుంతలు. క్యూజీఐఎస్ వాలును డిగ్రీల్లో ఇస్తుంది, మన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు శాతంలో మాట్లాడతాయి. 15 డిగ్రీలంటే దాదాపు 27 శాతం. ఈ తికమకతో పాడైన ప్రణాళికలు కోకొల్లలు. రెండోది, అన్ని లేయర్లనూ యూటీఎం 44 ఉత్తరం జోన్‌లో పెట్టండి (యూటీఎం అంటే భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి). పాడేరు, అరకు అందులోనే వస్తాయి. శ్రీకాకుళం మిత్రులెవరైనా ఇది చదువుతుంటే, మీ జిల్లాలో కొంత భాగం 84 డిగ్రీల రేఖాంశం దాటి 45లో పడుతుంది, చూసుకోండి.

నీళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఏజెన్సీలో తాగునీటికి ఆధారం ఊటలు. మోటారు, కరెంటు బిల్లు లేకుండా ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి పైపుతో గూడేనికి దించే గ్రావిటీ స్కీముల్ని మించింది ఇక్కడ లేదని నా అభిప్రాయం. వీటికి జీఐఎస్ చేసే సాయం పరిమితమే. ఊటలన్నీ చుక్కలుగా పెట్టి, ఏ ఊట ఏ గూడెం కన్నా ఎత్తులో ఉందో చూడటం వరకు సరే. పైపు డిజైన్ మాత్రం డెమ్‌తో చేయొద్దు. ఎస్ఆర్‌టీఎం ఎత్తులో 16 మీటర్ల దాకా తప్పుండొచ్చని వాళ్లే ప్రమాణంగా పెట్టుకున్నారు, నిటారు కొండల్లో ఇంకా ఎక్కువ. 10 మీటర్ల తేడా అంటే పైపులో చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో ఒత్తిడి. అంత తప్పు ఉంటే నీళ్లు రాకపోవచ్చు, పైపు పగలొచ్చు. ఆటో లెవెల్ (సర్వేయర్లు ఎత్తు తేడాలు కొలిచే పరికరం) తెచ్చి కొలవండి. ఫోన్ జీపీఎస్ ఎత్తును అసలే నమ్మొద్దు. కొన్ని యాప్‌లు సముద్రమట్టం నుంచి కాకుండా భూమి ఆకారానికి గణితంతో కట్టిన నమూనా ఉపరితలం నుంచి ఎత్తు చూపిస్తాయి. మన ప్రాంతంలో ఆ తేడా ఒక్కటే 60 మీటర్లు దాటుతుంది. ఒకే గూడెంలో ఒకరి ఫోన్ 910, ఇంకొకరిది 845 చూపితే కారణం ఇదే.

ఊట ఎంత ఇస్తుందో తెలుసుకోవడానికి బకెట్, గడియారం చాలు. ఏప్రిల్, మే నెలల్లో కొలిచిందే లెక్క. నిమిషానికి 6 లీటర్లు వస్తే చూడ్డానికి సన్నటి ధార, కానీ రోజుకు 8,640 లీటర్లు. జలజీవన్ మిషన్ పెట్టుకున్న మనిషికి 55 లీటర్ల లెక్కన 157 మందికి సరిపోతుంది, రాత్రంతా వచ్చే నీళ్లు పట్టుకునే ట్యాంకు ఉంటే. ప్రతి ఊటకూ ఈ కొలత నెలకోసారి రాసే పిల్లలు ఇద్దరు గూడెంలో దొరికితే, మీరు కొనే ఏ ఉపగ్రహ చిత్రం కన్నా అది విలువైన డేటా.

ఊటను కాపాడాలంటే దాని పైనున్న వాలంతా వాన నీళ్లు ఇంకే కందకాలు తవ్వేస్తే సరిపోతుందనుకుంటారు. డెమ్‌తో పరీవాహకం (ఆ చోటికి వాన నీళ్లు పారి వచ్చే ప్రాంతం) గీసి, అదే రీఛార్జ్ ప్రాంతం, అంటే ఊటకు నీళ్లు ఇంకే చోటు అని రాసేస్తారు. అన్నిసార్లూ అలా ఉండదు. నేల మీది నీళ్లు వాలును బట్టి పోతాయి, నేలలోని నీళ్లు రాతి పొరల్ని బట్టి. మన కొండల్లో ఎక్కువగా ఖోండలైట్ రాయి (ఖోండుల పేరు మీదే ఆ పేరు వచ్చింది). దాని పొరలు ఇవతలి వైపుకు వాలి ఉంటే, ఇవతల ఊటకు నీళ్లు కొండ వెన్ను అవతల పడిన వానవి కావొచ్చు. సిక్కింలో 2008లో మొదలైన ధారా వికాస్ కార్యక్రమంలో భూగర్భ నిపుణుల్ని ముందు పెట్టుకుని, పొరల వాలు చూశాకే కందకాలు తవ్వే చోటు ఎంచుకోవడం అందుకే. మీకు జియాలజిస్టు లేకపోతే దగ్గర్లోని కాలేజీ విద్యార్థినైనా రెండు రోజులు పిలవండి.

కందకాల చోట్లకు వాలు, నేల, నీటి పారుదల గీతలు కలిపి చూసే పద్ధతి తేలికే. 30 మీటర్ల గడి అంటే 900 చదరపు మీటర్లు, కాబట్టి పారుదల లెక్కలో ఒక చోటికి పైనుంచి నీళ్లు చేరే గడులు 1,000 దాటితే అక్కడ గెడ్డ మొదలవుతుందని పెడితే అది 90 హెక్టార్ల పరీవాహకం. కొండ మొదట్లో చిన్న వాగులు కావాలంటే వంద గడులకు తగ్గించండి. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ వాళ్ల క్లార్ట్ అనే యాప్ ఇదంతా ముందే కలిపి, ఏ చోట ఎలాంటి పని చేయొచ్చో రంగుల్లో చూపిస్తుంది. ఉపాధి హామీ పనుల జాబితా తయారు చేసేటప్పుడు ఫీల్డులో పట్టుకెళ్లడానికి బాగుంటుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి. కొత్తలో ఒక పంచాయతీకి భూవినియోగం మ్యాపు చేశాను. ఏప్రిల్ నాటి ఒక్క చిత్రం తీసుకుని, బోడిగా కనిపించిన వాలులన్నిటినీ "బంజరు" అని వర్గీకరించి, అక్కడ జీడిమామిడి వేయొచ్చని పచ్చరంగు పూశాను. మ్యాపు చాలా అందంగా వచ్చింది. గ్రామసభలో పరిచాక ఒకాయన వేలు పెట్టి వరసగా చెప్పుకొచ్చాడు: ఇది మా తమ్ముడు నిరుడు సామలు వేసిన పోడు, ఇది వచ్చే ఏడు కొట్టుకునేది, ఇది వలిసెల మెట్ట, ఇక్కడ పశువులు మేస్తాయి. నా బంజరులో బంజరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పోడు భూమి తిరుగుతుంటుంది, ఒక్క రోజు ఫొటోలో దాన్ని పట్టుకోలేం. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల వివరంతో 2015 చివరి నుంచి ఉన్నాయి, అంతకు ముందుకు అమెరికా వాళ్ల లాండ్‌శాట్ ఉంది. కనీసం ఐదారేళ్లు, ఏడాదికి రెండు మూడు చిత్రాలు తీసుకుని ప్రతి గడిలో పచ్చదనం ఎలా పెరిగి తగ్గిందో చూడండి. ఏళ్ల తరబడి ఎప్పుడూ పచ్చబడనిదే బంజరు, అది కూడా అడిగాకే.

చిత్రాల్లో ఇంకో మోసం ఉంది. నవంబరు, జనవరి మధ్య మబ్బులు తక్కువని అందరూ అప్పటి చిత్రాలే తీసుకుంటారు. ఉపగ్రహం వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో, సూర్యుడు ఆగ్నేయంలో కిందికి ఉంటాడు. దాంతో వాయవ్యం వైపు వాలులు నీడలో పడి చెరువులా, దట్టమైన అడవిలా కనిపిస్తాయి. నీడన పెరిగే కాఫీ కూడా అడవి రంగులోనే కలిసిపోతుంది. నేను ఫిబ్రవరి చివర, మార్చి చిత్రాలు చూస్తాను. అప్పుడు ఆకురాల్చే అడవి బోడి అవుతుంది, సిల్వర్ ఓక్ కింద కాఫీ పచ్చగానే ఉంటుంది. అయినా నూటికి నూరు పాళ్లు కుదరదు. తోటల చుట్టూ నడిచి గీతలు తీసుకోవడమే ఖాయమైన దారి.

ఈ రంగుల గొడవ భూమి హక్కుల్లోకి వస్తే ప్రమాదం. "ఉపగ్రహ చిత్రంలో అడవిలా ఉంది కాబట్టి సాగు లేదు" అని క్లెయిము తిరస్కరించడం మీరు వింటారు. 2012లో సవరించిన అటవీ హక్కుల నిబంధనలు స్పష్టంగా చెబుతాయి: ఉపగ్రహ చిత్రాలు ఇతర ఆధారాలకు తోడుగా వాడొచ్చు, వాటి స్థానంలో వాడకూడదు. మీ మ్యాపు కింద ఈ వాక్యం ముద్రించండి.

కాఫీకి ప్రణాళిక వేసేటప్పుడు అందరూ "ఎక్కడ కొత్తగా వేయొచ్చు" అని ఎత్తు, వాలు లేయర్లు కలిపి మ్యాపు చేస్తారు. నాకు దానికన్నా సేకరణ కేంద్రాలు ఎక్కడ పెట్టాలన్నదే ముఖ్యం అనిపిస్తుంది. కోసిన పండు ఆ రోజే తొక్క తీసే చోటికి, అంటే పల్పింగ్‌కు చేరాలి, లేకపోతే పులిసి నాణ్యత పోతుంది. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచి ధర వచ్చేది ఆ నాణ్యతకే. ఇక్కడ పైన చేసిన నడక మ్యాపు మళ్లీ పనికొస్తుంది: బరువుతో గంట నడకలో ఎక్కువ తోటలు అందే చోటు ఏది, అక్కడికి వ్యాను వస్తుందా, కడగడానికి నీళ్లున్నాయా, ఆ కడిగిన నీళ్లు ఎవరి ఊటలోనూ కలవకుండా పోయే వాలు ఉందా. ఈ చివరి ప్రశ్న మరిచిపోయిన కేంద్రాన్ని ఒకదాన్ని చూశాను, కింది గూడెం వాళ్లు రెండు సీజన్లు వాసన భరించారు.

వాలును విధానంలోనే పెట్టిన దేశం ఒకటుంది. జపాన్‌లో కొండ ఊళ్లు ఖాళీ అవుతున్నాయని 2000 నుంచి అక్కడి రైతులకు నేరుగా డబ్బులిస్తున్నారు. వరి మడి ఉన్న చోట 20 మీటర్లకు మీటరు కన్నా నిటారుగా ఉంటే ఎక్కువ రేటు, అంతకన్నా తక్కువైతే తక్కువ రేటు. కొండ మీద సాగు కష్టానికి మ్యాపులోంచి ధర కట్టడం అన్నమాట. మన దగ్గర అలాంటి పథకం లేదు, కానీ చోళ్లు, సామలు పండించే మెట్టలకు ఎక్కువ కూలి దినాలు ఎందుకు కావాలో చెప్పడానికి వాలు మ్యాపును నేను అదే పద్ధతిలో వాడతాను.

కొండచరియల గురించి ఎక్కువ చెప్పను. భారత భూగర్భ సర్వే 1:50,000 స్థాయిలో ప్రమాద ప్రాంతాల మ్యాపులు చేసింది. కొత్త బడి, ట్యాంకు, ఇళ్ల కాలనీ పెట్టే ముందు ఒకసారి వాటి మీద వేసి చూడండి. ఆ స్థాయిలో ఇంటికో తీర్పు చెప్పలేం, అనుమానం ఉంటే స్థలం మార్చడమే.

ఫీల్డుకు క్యూఫీల్డ్ యాప్ (క్యూజీఐఎస్ మ్యాపుల్ని ఫోన్‌లో వాడేది) పెట్టుకోండి, మ్యాపులన్నీ ఫోన్‌లోకి ముందే దించుకోండి. సిగ్నల్ మీద ఆధారపడితే సగం రోజు చెట్టెక్కి గడపాలి. ఇంకోటి, దేవుడి వనాలు, మందు మొక్కలు దొరికే చోట్లు వాళ్లు నమ్మి చూపిస్తే, అవి బయటికి వెళ్లే ఏ మ్యాపులోనూ పెట్టకండి.

గ్రామసభకు మాత్రం లాప్‌టాప్, ప్రొజెక్టర్ వద్దు. మ్యాపును ఫ్లెక్సీ మీద పెద్దగా ప్రింటు చేయించి నేల మీద పరచండి. వానకు తడవదు, నలుగురు చుట్టూ కూర్చోవచ్చు. కొండలు, గెడ్డలు, బడి, సంత, తమ గూడెం ముందు గుర్తుపట్టనివ్వండి, దానికే అరగంట పడుతుంది, పట్టనివ్వండి. తర్వాత చెరగని మార్కర్లు వాళ్ల చేతికిచ్చి, తప్పులు దిద్దమనండి. ఆడవాళ్లకు విడిగా ఇంకో కాపీ, విడిగా ఇంకో పూట పెట్టండి. నీళ్ల దారులు వాళ్లు గీసినట్టు మగవాళ్లు గీయరు. ఆ దిద్దిన ఫ్లెక్సీని ఫొటో తీసి, క్యూజీఐఎస్‌లో జియోరిఫరెన్స్ చేసి (ఫొటోను మ్యాపు మీద దాని అసలు చోటికి కుదిర్చి), మళ్లీ కొత్త లేయర్లు గీయండి. నా పనుల్లో రెండో ఫ్లెక్సీ దగ్గర సరిపోయింది ఎప్పుడూ లేదు, మూడో దానికి డబ్బులు ముందే బడ్జెట్‌లో రాసుకోండి.